27 మాటలు, ఇద్దరు చదువరులు

అమెరికా రాజ్యాంగంలో రెండో సవరణ అంతా ఒకే ఒక్క వాక్యం. ఇంగ్లిషులో లెక్కపెడితే 27 మాటలు. చక్కని క్రమశిక్షణ గల మిలీషియా స్వేచ్ఛాయుత రాజ్య భద్రతకు అవసరమై ఉండగా, ఆయుధాలు ఉంచుకోవడానికీ పట్టడానికీ ప్రజలకున్న హక్కుకు భంగం కలగరాదని దాని భావం. మొదటి 13 మాటలు మిలీషియా గురించి. జీతాల సైన్యం కాకుండా, ఊళ్లోని మగవాళ్లే అవసరం వచ్చినప్పుడు కూడి నిలిచే పౌరసేనను అప్పట్లో ఆ పేరుతో పిలిచేవారు. తరువాతి 14 మాటలు హక్కు గురించి. ఈ రెండు ముక్కల నడుమ 'కాబట్టి' అనే మాట లేదు, 'అంతవరకే' అనే మాటా లేదు. 1791 డిసెంబరు 15న రాజ్యాంగంలో చేరిన నాటి నుంచి ఈ వాక్యం మీద నడుస్తున్న వాదమంతా ఆ అతుకు దగ్గరే ఉంది.

ఈ వాక్యాన్ని అమెరికా సుప్రీంకోర్టు మాట వెంట మాటగా విప్పి చదివింది 2008 జూన్ 26న. కేసు పేరు డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా వర్సెస్ హెల్లర్. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. తీర్పులన్నీ కలిపితే 150 పేజీలు దాటాయి. హక్కు వ్యక్తులదేనంటూ మెజారిటీ తీర్పు రాసింది ఆంటొనిన్ స్కేలియా, అది మిలీషియా సేవకే పరిమితమని విభేదించి ప్రధానంగా రాసింది జాన్ పాల్ స్టీవెన్స్. తుపాకుల రాజకీయంలో ఎవరి పక్షం ఉన్నవాళ్లయినా ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా కోరిక. ఒక వాక్యాన్ని ఇంత ఓపికగా, ఒక్కో మాటకూ జమాఖర్చు చూపిస్తూ, తప్పు పట్టే అవకాశాన్ని ఎదుటివాడికి దాచకుండా ఇస్తూ చదివిన ఉదాహరణలు ఏ భాషలోనూ ఎక్కువ ఉండవు.

కేసు సంగతి క్లుప్తంగా. రాజధాని వాషింగ్టన్ నగరం 1976లో చేసిన చట్టం చేతి తుపాకుల రిజిస్ట్రేషన్‌ను దాదాపు పూర్తిగా ఆపేసింది. రైఫిళ్లు, షాట్‌గన్‌లు ఇంట్లో ఉండొచ్చు గానీ, గుళ్లు తీసేసి, భాగాలు విప్పి గానీ ట్రిగ్గరుకు తాళం వేసి గానీ ఉంచాలి. డిక్ హెల్లర్ స్పెషల్ పోలీసు. ప్రభుత్వ భవనం దగ్గర డ్యూటీలో తుపాకి పెట్టుకునేవాడు, ఇంట్లో పెట్టుకునేందుకు అడిగితే నగరం కాదంది. అంతకు ముందు సుప్రీంకోర్టు ఈ సవరణను పట్టించుకున్న ముఖ్యమైన కేసు 1939 నాటి మిల్లర్. 18 అంగుళాల కన్నా పొట్టిగా గొట్టం కోసేసిన షాట్‌గన్‌కు మిలీషియాతో సంబంధం ఉన్నట్టు ఆధారం కనిపించలేదని అందులో కోర్టు చెప్పింది. ప్రతివాదుల తరఫున వాదించడానికి ఎవరూ రాలేదు. ఒకవైపు వాదన మాత్రమే విని రాసిన ఆ చిన్న తీర్పును పట్టుకుని కింది కోర్టులు దాదాపు డెబ్బై ఏళ్లు నడిచాయి.

కావ్యపాఠం చెప్పే మన పండితులకు అన్వయం రెండు విధాలు. దండాన్వయంలో పదాలన్నిటినీ వరుసలో పెట్టి మొదటి నుంచి చివరకు నడుస్తారు. ఖండాన్వయంలో ప్రధానక్రియను ముందు పట్టుకుని ఎవరు, దేనిని, ఎందుకు అని ప్రశ్నలు వేస్తూ మిగతా పదాల్ని దాని చుట్టూ చేరుస్తారు. స్కేలియాది అచ్చంగా ఖండాన్వయం. వాక్యంలో ఆజ్ఞాపించే భాగం ఏది? భంగం కలగరాదు అన్నది. అయితే అక్కడి నుంచే మొదలుపెడదాం అంటాడు. మిలీషియా ముక్కను ప్రస్తుతానికి పక్కన పెట్టి, రెండో ముక్క అర్థం తేల్చుకున్నాక వెనక్కి వచ్చి, తేల్చిన అర్థం మొదటి ముక్కతో పొసుగుతుందో లేదో చూస్తానని చదువరికి ముందే చెబుతాడు. దీనికి ఆయన చూపే ఆధారం పాత శాసనవ్యాఖ్యాన సూత్రం: ఉపోద్ఘాతం సందేహాన్ని తీర్చగలదు గానీ, స్పష్టంగా ఉన్న ఆజ్ఞను కుదించలేదు.

ఈ వరుస ఎంచుకోవడంలోనే సగం తీర్పు ఉంది. మిలీషియా నుంచి మొదలుపెడితే హక్కు మిలీషియా చొక్కా తొడుక్కునే వస్తుంది. హక్కు నుంచి మొదలుపెడితే మిలీషియా ఆ హక్కును కాగితం మీద పెట్టడానికి ఒక కారణంగా మాత్రమే కనిపిస్తుంది. స్కేలియా ఈ ఎంపికను దాచిపెట్టలేదు. ఎక్కడ తలుపు తీశాడో చూపించి మరీ లోపలికి పిలిచాడు. అందుకే ఆయనతో విభేదించేవాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగాలో తెలుసుకోగలుగుతారు.

లోపలికి వెళ్లాక మొదటి మాట 'ప్రజలు'. ఇదే 'ప్రజల హక్కు' అన్న ప్రయోగం మొదటి సవరణలో గుమిగూడే హక్కు దగ్గరా, నాలుగో సవరణలో అకారణ సోదాల నుంచి రక్షణ దగ్గరా ఉంది. ఆ రెండు చోట్లా అది ఒక్కొక్క మనిషికీ చెందిన హక్కేనని అందరూ ఒప్పుకుంటారు. ఒకే కాలంలో ఒకే చేతులు రాసిన పత్రంలో అదే మాట మధ్యలో ఒక్కచోట మాత్రం సైన్యంలో చేరినవాళ్లు అని ఎలా అవుతుంది? ఈ వాదం బలమైనది. తరువాత 'ఆయుధాలు'. శామ్యూల్ జాన్సన్ నిఘంటువు 1773 ముద్రణనూ, టిమొతీ కన్నింగ్‌హామ్ 1771 నాటి న్యాయ నిఘంటువునూ తెరిచి, అప్పుడు ఆ మాట సైనికుల సామగ్రికే పరిమితం కాదని చూపించాడు. 'ఉంచుకోవడం' దగ్గర ఆట్టే ఆగలేదు. ఆగాల్సిన పనీ లేదు, ఇంట్లో ఉంచుకోవడమంటే ఉంచుకోవడమే.

అసలు చిక్కు 'ఆయుధాలు పట్టడం', అంటే ఇంగ్లిషులోని 'బేర్ ఆర్మ్స్' దగ్గర. విడివిడిగా చదివితే ఆయుధాన్ని మోయడం. జంటగా చదివితే సైనికుడిగా పనిచేయడం అనే నుడికారం. కురుక్షేత్రంలో ఆయుధం పట్టనని కృష్ణుడు అంటే కత్తిని చేత్తో తాకనని కాదు, యుద్ధం చేయనని మనకు చెప్పకుండానే అర్థమవుతుంది. అలాంటి తేడానే ఇది. స్కేలియా ఇక్కడ వేసిన ఎత్తు పనితనం తెలిసినవాడిది. 1998లో మస్కరెల్లో అనే కేసులో, మాదకద్రవ్యాల నేరస్థుడు ట్రక్కు లోపలి అరలో తాళం వేసి పెట్టిన తుపాకిని 'వెంట మోస్తున్నట్టు' లెక్కేయాలా అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు భిన్నాభిప్రాయం రాసిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, మోయడమంటే ఒంటి మీదో బట్టల్లోనో ఆయుధం ఉంచుకుని ఘర్షణకు సిద్ధంగా ఉండటం అని నిర్వచించి, దానికి సాక్ష్యంగా రెండో సవరణనే పేర్కొంది. స్కేలియా అప్పుడు ఆమెతో సంతకం చేసినవాడు. పదేళ్ల తర్వాత ఆ నిర్వచనాన్నే తన తీర్పుకు కీలకంగా బిగించాడు. ఈసారి గిన్స్‌బర్గ్ స్టీవెన్స్ పక్షాన ఉంది.

ఆ వెంటనే మరొక దెబ్బ. 'ఉంచుకోవడం, పట్టడం' రెండిటికీ కర్మ ఒక్కటే, ఆయుధాలు. 'పట్టడం'తో కలిసినప్పుడు నుడికారమనీ, 'ఉంచుకోవడం'తో కలిసినప్పుడు మామూలు వస్తువనీ అంటే, ఒకే మాట ఒకేసారి రెండు అర్థాలు మోయాలి. బాల్చీ నింపి తన్నేశాడు అని చెప్పి, బాల్చీ నింపి ఆ తర్వాత చచ్చిపోయాడని అర్థం చేసుకోమన్నట్టు ఉంటుంది అంటాడు. బాల్చీ తన్నేయడం తెలుగులోనూ చలామణిలో ఉంది కనుక ఈ ఉదాహరణ మనకు అరటిపండు ఒలిచి పెట్టినట్టు అందుతుంది. చట్టం తెలియనివాడికి కూడా చెవికి వినిపించేలా వ్యాకరణాన్ని వాదంగా మార్చడం చిన్న పని కాదు.

తరువాత మాట ప్రకారం మొదటి ముక్కకు తిరిగొచ్చాడు. క్రమశిక్షణ గల మిలీషియా అంటే శిక్షణ పొందిన జనం, స్వేచ్ఛాయుత రాజ్యం అంటే ఏదో ఒక రాష్ట్రం కాదు, స్వతంత్ర పాలన గల దేశం. కేంద్రప్రభుత్వం జనం ఆయుధాలు లాక్కుని మిలీషియాను చంపేస్తుందన్న భయం వల్ల ఈ హక్కును రాతలో పెట్టారు. కానీ రాతలో పెట్టడానికి కారణమైన భయం వేరు, హక్కు విస్తీర్ణం వేరు. ఈ తేడాను అంతకు పదేళ్ల ముందే 1998లో యూజీన్ వోలఖ్ అనే న్యాయాచార్యుడు ఒక వ్యాసంలో చాలా అందంగా చూపించాడు. ఆ కాలపు రాష్ట్ర రాజ్యాంగాల్లో కారణం చెప్పి హక్కు ఇచ్చే వాక్యాలు కొల్లలు. రోడ్ ఐలండ్ 1842 రాజ్యాంగం పత్రికా స్వేచ్ఛ రాజ్యస్వాతంత్ర్య భద్రతకు అత్యవసరమని చెప్పి, ఏ విషయం మీదనైనా ఎవరైనా తన అభిప్రాయం ప్రచురించవచ్చంది. దాన్ని చదివి, రాజ్యభద్రతకు పనికొచ్చే అభిప్రాయాలే ప్రచురించాలి అని ఎవరూ అనరు. వెతికి తెచ్చిన ఆ వాక్యాల వరుస ఈ వాదానికంతటికీ వెన్నెముక. స్కేలియా ఆ వ్యాసాన్ని ఉదహరించాడు.

ఇక స్టీవెన్స్. ఆయన పనితనం వేరు. స్కేలియా నిఘంటువుల దగ్గర కూర్చుంటే, స్టీవెన్స్ వాక్యం పుట్టిన గదికి వెళ్తాడు. 1789 జూన్ 8న జేమ్స్ మాడిసన్ ప్రతినిధుల సభ ముందు పెట్టిన తొలి ముసాయిదాలో మూడు ముక్కలున్నాయి. మొదట ప్రజల హక్కు. తరువాత మిలీషియా స్వేచ్ఛాదేశానికి ఉత్తమ రక్షణ అన్న మాట. చివర, మతవిశ్వాసం వల్ల ఆయుధం పట్టడానికి మనసొప్పనివాణ్ణి స్వయంగా సైనికసేవ చేయమని బలవంతం చేయరాదన్న మినహాయింపు. క్వేకర్ల లాంటి శాంతివాదుల కోసం పెట్టింది అది. సభాసంఘం వరుస తిప్పేసి మిలీషియాను ముందుకు తెచ్చింది. సెనేటు మినహాయింపును తీసేసింది, 'ఉత్తమ రక్షణ'ను 'భద్రతకు అవసరం'గా మార్చింది.

పోయిన ఆ మూడో ముక్కలోంచే స్టీవెన్స్ తన వాదాన్ని తీశాడు. ఒకే వాక్యంలో మాడిసన్ 'బేర్ ఆర్మ్స్'ను రెండుసార్లు వాడాడు. రెండోసారి దాని అర్థంలో సందేహమే లేదు, సైనికసేవ. ఒకే కలం, ఒకే వాక్యం, అదే జంట. మొదటిసారి మాత్రం వేరే అర్థంలో వాడి ఉంటాడా? అచ్చయిన వాక్యంలో లేని సాక్ష్యాన్ని చిత్తుప్రతిలో పట్టుకోవడం ఇది. పాఠాంతరాలు పరిష్కరించే పండితుడి చూపు ఆ పేజీల్లో కనిపిస్తుంది. స్కేలియా దీనికి జవాబిచ్చాడు: క్వేకర్లు యుద్ధానికే కాదు, ఆత్మరక్షణ కోసం హింసకూ ఒప్పుకోరు, కాబట్టి వాళ్ల మినహాయింపు సైన్యం గురించి మాత్రమేనని ఎలా చెప్పగలం? జవాబు చురుకైనదే. కానీ మినహాయింపు ఇచ్చింది సైనికసేవ నుంచి అని మాడిసన్ అక్కడే రాసి పెట్టాడు గదా. నాకు స్టీవెన్స్ మాటే నిలుస్తుందనిపిస్తుంది.

ఒకే సాక్షిని ఇద్దరూ బోనెక్కించిన ఘట్టం ఇంకా బాగుంటుంది. 1776 పెన్సిల్వేనియా రాజ్యాంగం, ప్రజలకు తమ రక్షణ కోసమూ రాజ్యరక్షణ కోసమూ ఆయుధాలు పట్టే హక్కు ఉందంది. మరుసటి ఏడు వర్మాంట్ కూడా అంతే. చూశారా, 'బేర్ ఆర్మ్స్' ఆత్మరక్షణతోనూ పొసుగుతుంది, అది సైన్యపు నుడికారమే అయితే ఇలా రాయలేరు అంటాడు స్కేలియా. చూశారా, ఆత్మరక్షణ కావాలనుకున్నవాళ్లు ఆ మాట బయటికి రాశారు, ఆ నమూనా ఎదురుగా ఉండి కూడా కాంగ్రెస్ రాయలేదు అంటాడు స్టీవెన్స్. మసాచుసెట్స్ 1780లో 'ఉమ్మడి రక్షణ కోసం' అని బిగించింది. రెండో సవరణలో అదీ లేదు, ఇదీ లేదు. మౌనానికి అర్థం చెప్పడమే ఇక్కడ ఇద్దరి పని, ఇద్దరి వాదమూ అక్కడ సమానంగా తూగుతుంది.

'ప్రజలు' అన్న బలమైన వాదం మీద స్టీవెన్స్ కొట్టిన దెబ్బ మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. స్కేలియా తన తీర్పులోనే ఈ హక్కు చట్టానికి లోబడే, బాధ్యత గల పౌరులదని అన్నాడు, నేరస్థులకూ మానసిక రోగులకూ తుపాకులు ఇవ్వరాదన్న పాత నిషేధాలు కదలవన్నాడు. మొదటి, నాలుగో సవరణల్లోని 'ప్రజలు' అలా వడపోసినవాళ్లు కారు. అంటే ఆ మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం అన్నవాడే ఇక్కడ అర్థాన్ని కుదించాడు. ఎదుటివాడి కొలబద్దతోనే ఎదుటివాడి గోడను కొలవడం ఇది. అయినా, ఎంత వడపోసినా మిగిలేది వ్యక్తులే గదా, మిలీషియా కాదు గదా అనే ప్రశ్న స్టీవెన్స్‌కు చివరిదాకా మిగిలే ఉంటుంది. నన్నడిగితే నామవాచకం స్కేలియాది, క్రియ స్టీవెన్స్‌ది.

2008 మార్చి 18న కోర్టులో మౌఖిక వాదనలు జరిగినప్పుడు న్యాయమూర్తి డేవిడ్ సౌటర్ అడిగిన ప్రశ్న ఈ క్రియ గురించే. పద్దెనిమిదో శతాబ్దంలో జింకల వేటకు వెళ్లేవాడు 'బేర్ ఆర్మ్స్' చేస్తున్నానని అనుకునేవాడా, అప్పటివాళ్లు అలా మాట్లాడేవారా? ప్రభుత్వ న్యాయవాది పాల్ క్లెమెంట్, విశేషణం లేకుండా వస్తే ఆ మాటకు సైనికార్థమే సహజమని ఒప్పుకుంటూనే, అదొక్కటే అర్థం కాదన్నాడు. జనం నోట మాట ఎలా నలిగేదో అడగడం కన్నా సూటి ప్రశ్న ఉండదు. భాషాశాస్త్ర ఆచార్యులు డెనిస్ బేరన్, రిచర్డ్ బెయిలీ, జెఫ్రీ కప్లాన్ కోర్టుకు సమర్పించిన పత్రం కూడా దీని గురించే. పాఠశాలలో నేర్పే వాక్యవిశ్లేషణ పద్ధతిలోనే వాళ్లు సవరణను విప్పి, మొదటి ముక్క రెండోదానికి కారణం చెబుతుందనీ, 'బేర్ ఆర్మ్స్' విశేషణం లేకుండా వస్తే సైనికార్థమేననీ రాశారు. కామాల గొడవ కూడా తీర్చారు. కాంగ్రెస్ ప్రతిలో మూడు కామాలుంటే, కొన్ని ప్రతుల్లో ఒక్కటే ఉంది. అప్పటివాళ్లు కామాను ఊపిరి తీసుకునే చోట కూడా పెట్టేవాళ్లు కనుక దాని మీద రాజ్యాంగం నిలబెట్టలేమన్నారు. కింది కోర్టు రెండో కామాను పట్టుకుంది గానీ, స్కేలియా, స్టీవెన్స్ ఇద్దరూ దాని మీద వాదం నిలపలేదు. మంచి పని చేశారు.

సౌటర్ ప్రశ్నకు పెద్ద ఎత్తున జవాబు పదేళ్ల తర్వాత దొరికింది. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఆ కాలపు గ్రంథాలు, ఉత్తరాలు, శాసనాలు కోట్ల మాటల లెక్కన కంప్యూటర్లో చేర్చిన భాషాభాండారాలను 2018లో అందరికీ తెరిచింది. బేరన్ వాటిలో పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల నుంచి 'బేర్ ఆర్మ్స్' ప్రయోగాలు సుమారు 1,500 తీసి చూశాడు. యుద్ధంతోనో సైన్యంతోనో సామూహిక సాయుధ చర్యతోనో సంబంధం లేనివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే. స్కేలియా, వెనక 'ఎవరికి వ్యతిరేకంగా' అని వస్తేనే సైనికార్థం నిస్సందేహంగా వస్తుందన్నాడు. ఆ మాట ఈ లెక్క ముందు నిలవడం కష్టం. అయితే అచ్చయి మిగిలినవి ఎక్కువగా ప్రభుత్వాల రాతలూ సైన్యాల రాతలూ కనుక, ఇంట్లో జనం మాట్లాడుకున్న మాట అందులో తక్కువ పడుతుందన్న అభ్యంతరమూ న్యాయమైనదే.

మూడో తీర్పూ ఉంది. స్టీఫెన్ బ్రేయర్ వాక్యం జోలికి పోకుండా, హక్కు వ్యక్తిదే అనుకున్నా నగరం చట్టం సహేతుకమేనంటూ, ఇళ్లలో గుళ్లు నింపిన తుపాకులు ఉంచరాదన్న 1783 నాటి బోస్టన్ చట్టం లాంటివి చూపించాడు. ఆ తర్వాతి కేసులు, 2010లో మెక్‌డొనాల్డ్, 2022లో బ్రూయెన్, 2024లో రహీమీ, వాక్యాన్ని దాటి చరిత్రలోకీ పాత చట్టాల పోలికల్లోకీ వెళ్లాయి. 27 మాటల మీద ఇంతసేపు నిలబడిన చదువు మళ్లీ రాలేదు.

మన దేశం ఈ వాక్యాన్ని పట్టించుకోలేదని కాదు. 1878 ఆయుధాల చట్టం మీద మంటతో, 1928 నెహ్రూ నివేదికా 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానమూ, నియమాలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కు పౌరులకు కావాలన్నాయి. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి.కామత్ దాన్ని చేర్చమని సవరణ తెచ్చాడు, అంబేద్కర్ ఒప్పుకోలేదు. చివరకు మన 19వ అధికరణలో ఆయుధాలన్న మాట చేరింది గానీ, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కుగా చేరింది. అమెరికా వాక్యంలో లేని స్పష్టత మనవాళ్లు ముందే రాసి పెట్టుకున్నారు.

వరుస గురించి ఒక మాట చెప్పాలి. సభల్లోని చర్చల చరిత్ర మీద స్కేలియాకు నమ్మకం తక్కువ, చిత్తుప్రతుల్ని సాక్ష్యంగా తీసుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు. కానీ ఆయన చదివిన వరుస, హక్కు ముందు, మిలీషియా తరువాత, మాడిసన్ తొలి ముసాయిదాలోని వరుసే. చిత్తుప్రతిని ప్రేమించిన స్టీవెన్స్ మాత్రం సంఘం తిప్పేసిన వరుసకు కట్టుబడి, మిలీషియాతో మొదలుపెట్టాడు.

స్టీవెన్స్ 2010లో పదవి వదిలాక కూడా ఈ వాక్యాన్ని వదల్లేదు. 2014లో ప్రచురించిన పుస్తకంలో రెండో సవరణకు అయిదు ఇంగ్లిషు మాటలు చేర్చమని ప్రతిపాదించాడు, మిలీషియాలో పనిచేస్తున్నప్పుడు అనే అర్థం వచ్చేలా. వాటిని మిలీషియా ముక్కలో పెట్టలేదు. రెండో ముక్కలో, 'బేర్ ఆర్మ్స్' పక్కన పెట్టాడు. 1789 సెప్టెంబరు 9న సెనేటులో ఎవరో ఒక సభ్యుడు 'ఉమ్మడి రక్షణ కోసం' అన్న మాటలు చేర్చమని తీర్మానం పెట్టింది సరిగ్గా అక్కడే. ఆ రోజుల్లో సెనేటు తలుపులు మూసుకుని కూర్చునేది, చర్చ ఎవరూ రాసి ఉంచలేదు. తీర్మానం వీగిపోయిందని మాత్రం సెనేటు జర్నల్లో ఉంది.